పై, √2, ఆయిలర్ సంఖ్య: వేల నుంచి కోట్ల దశాంశ స్థానాల దాకా లెక్కించడం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో విడిగా "పై" అని కనిపించిన ప్రతిచోటా వృత్త పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే స్థిరాంకం అనే అర్థం. "లక్ష కోట్లు" అంటే 1 తర్వాత 12 సున్నాలు. ఇంగ్లిషు వార్తల్లో ట్రిలియన్ అనేది దాన్నే.

ఇన్ని స్థానాలు ఎవరికి కావాలి?

కొలతలకైతే ఎవరికీ అక్కర్లేదు. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ గ్రహాంతర నౌకల దారిని లెక్కగట్టడానికి వాడేది 3.141592653589793, అంటే 15 దశాంశ స్థానాలు. అంతకు మించి లెక్కించడం వల్ల తేలేవి వేరే సంగతులు: పెద్ద సంఖ్యల గుణకారాన్ని ఎంత వేగంగా చేయగలం, యంత్రం రోజుల తరబడి ఒక్క బిట్ కూడా తప్పకుండా నడుస్తుందా లేదా అని. కొత్త కంప్యూటర్ బిగించినవాళ్లు ర్యామ్, ప్రాసెసర్ గట్టిదనం చూడ్డానికి పై లెక్కను నడిపేది అందుకే.

ఏ స్థిరాంకంతో మొదలుపెట్టాలి?

√2తో. పైథాన్‌లో మ్యాథ్ మాడ్యూల్‌లోని ఐ-ఎస్‌క్యూఆర్‌టీ ఫంక్షన్‌కు 2 × 10²⁰⁰⁰ ఇవ్వండి. వచ్చే పూర్ణాంకంలో మొదటి అంకె తర్వాత చుక్క పెడితే 1000 స్థానాలు చేతికొచ్చినట్టే. శుల్బసూత్రాల్లో బౌధాయనుడు ఇచ్చిన 1 + 1/3 + 1/(3×4) − 1/(3×4×34) విలువను దీంతో పోల్చి చూడండి. అది 577/408, అంటే 1.41421568… ఐదు స్థానాల దాకా సరిపోతుంది.

తర్వాత ఆయిలర్ సంఖ్య (2.71828…). దానికి 1 + 1/1! + 1/2! + 1/3! + … అని కూడుకుంటూ పోతే చాలు. 450! విలువ సుమారు 1.7 × 10¹⁰⁰⁰ కాబట్టి వెయ్యి స్థానాలకు దాదాపు 450 పదాలు సరిపోతాయి. ఆ తర్వాతే పై. ఆయిలర్–మాస్కెరోనీ గామా జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.

పుస్తకంలో ఉన్న 1 − 1/3 + 1/5 − 1/7 + … వాడితే ఏమవుతుంది?

జీవితకాలం చాలదు. సంగమగ్రామ మాధవుడి సంప్రదాయంలో పుట్టి, ఐరోపాలో లీబ్‌నిట్జ్ పేరున తెలిసిన ఈ శ్రేణిలో "ఎన్ని" పదాలు కూడి 4తో గుణిస్తే (అదే పై) దోషం సుమారుగా 1/"అన్ని" ఉంటుంది. ఒక్క స్థానం పెరగాలంటే పని పది రెట్లు చేయాలి.

అయినా ఒకసారి 10 లక్షల పదాల మొత్తాన్ని ఇలా 4తో గుణించి చూడాల్సిందే:

మొత్తం: 3.14159165358979323871…
పై: 3.14159265358979323846…

ఆరో స్థానం తప్పింది, దాని తర్వాత పన్నెండు స్థానాలు మళ్లీ సరిగ్గా ఉన్నాయి. దోషం కచ్చితంగా 1/10,00,000 − 1/(4 × 10¹⁸) + … రూపంలో ఉండటం వల్ల ఈ చిత్రం కనిపిస్తుంది. ఈ దోషానికి ఒక దిద్దుబాటు పదం కలిపితే విలువ బాగా దగ్గరవుతుందని మాధవుడి శిష్యపరంపరకు తెలుసు. ఆయనదే ఇంకో శ్రేణి, √12 × (1 − 1/(3×3) + 1/(5×3²) − …), ఇంతకన్నా ఎంతో నయం. పదకొండు స్థానాల దాకా మాధవుడి పేరున ఉన్న విలువ దాని నుంచే వచ్చిందంటారు.

చిన్న ప్రోగ్రామ్‌తో వెయ్యి స్థానాలు ఎలా?

జాన్ మాచిన్ 1706లో ఇచ్చిన సూత్రం చాలు (ఆర్క్‌ట్యాన్(x) అంటే x − x³/3 + x⁵/5 − … అనే మొత్తం):

పై = 4 × (4 × ఆర్క్‌ట్యాన్(1/5) − ఆర్క్‌ట్యాన్(1/239))

ఫ్లోట్ (కంప్యూటర్ మామూలుగా వాడే దశాంశ సంఖ్య) ముట్టుకోవద్దు, అందులో నిలిచేవి 15–16 అంకెలే. అన్నీ పూర్ణాంకాలతోనే చేయాలి. పద్ధతి తెలియడానికి 10 స్థానాల కోసం, రెండు అదనపు అంకెలు కలిపి, 10¹²ను ప్రమాణంగా తీసుకుని చేద్దాం. ప్రతి భాగహారంలో శేషం వదిలేస్తాం.

10¹² ÷ 5 = 200000000000. దీన్ని ప్రతిసారీ 25తో భాగిస్తూ, వచ్చినదాన్ని 3, 5, 7, 9… తో భాగిస్తూ పోతే పదాలు ఇవి:

+ 200000000000
− 2666666666
+ 64000000
− 1828571
+ 56888
− 1861
+ 63
− 2

మొత్తం 197395559851. రెండోదానికి 10¹² ÷ 239 = 4184100418. దాన్ని 57121తో (239 వర్గం) భాగిస్తే 73249, అందులో మూడో వంతు 24416. తీసేస్తే 4184076002.

ఇప్పుడు 4 × (4 × 197395559851 − 4184076002) = 3141592653608.

చివరి రెండు అంకెలు కొట్టేస్తే 3.1415926536. అసలు పై 3.14159265358979… కాబట్టి పదో స్థానంలో 5 ఉండాలి, మనకు 6 వచ్చింది! సూత్రం తప్పు కాదు. శేషాలు వదిలేయడం వల్ల ఆర్క్‌ట్యాన్(1/5)లో ఒక యూనిట్ తేడా వచ్చింది, చివర్లో 16తో గుణించేసరికి అది 18 యూనిట్లకు చేరింది. రెండు అదనపు అంకెలు దీనికి చాలలేదు.

అందుకే నియమం: కావలసిన స్థానాల మీద కనీసం 10 అదనపు అంకెలతో లెక్కించి, చివర్లో వాటిని కత్తిరించాలి. వెయ్యి స్థానాలకు ప్రమాణం 10¹⁰¹⁰. మొదటి శ్రేణిలో ఒక్కో పదానికి 1.4 అంకెల చొప్పున సుమారు 720 పదాలు, రెండోదానిలో 4.76 చొప్పున దాదాపు 212 పదాలు పడతాయి. పదం సున్నా అయ్యేదాకా లూప్ తిప్పితే సరి, ముందుగా లెక్కపెట్టుకోనక్కర్లేదు. వెయ్యో స్థానంతో ముగిసే చివరి అంకెలు …64201989 రావాలి.

బీసీలో (లినక్స్ టెర్మినల్ క్యాలిక్యులేటర్; ఏ అంటే ఆర్క్‌ట్యాన్) 4*ఏ(1) అంటే వస్తుంది కదా, ఇంత ఎందుకు?

వస్తుంది. కానీ స్కేల్ (దశాంశ స్థానాల సంఖ్య) 10 పెట్టి చూడండి: 3.1415926532. చివరి అంకె 5 కావాలి. బీసీ ముందు పై/4ను 10 స్థానాలకు కత్తిరించి .7853981633 చేసి, తర్వాత 4తో గుణిస్తుంది. ఇదీ అదనపు అంకెల రోగమే. స్కేల్ 1010 పెట్టి చివర పది తీసేయండి. పైగా బీసీ పొడవాటి సంఖ్యను సుమారు 70 అక్షరాలకోసారి వెనక్కి వాలిన గీతతో విరుస్తుంది. దాన్ని అలాగే ఫైల్‌లో పెట్టి పోలిస్తే మొదటి లైన్ చివరే "తప్పు" చూపిస్తుంది.

చుద్నోవ్‌స్కీ సూత్రాన్నే అందరూ ఎందుకు వాడతారు?

ఒక్కో పదానికి 14.18 అంకెలు ఇస్తుంది కాబట్టి. దాని మూలం రామానుజన్ 1914లో ప్రచురించిన శ్రేణుల్లో ఉంది. 1103, 26390, 396 అంకెలు కనిపించే ఆయన సూత్రం పదానికి 8 అంకెల చొప్పున ఇస్తుంది. 1985లో బిల్ గాస్పర్ దానితోనే 1 కోటి 70 లక్షలకు పైగా అంకెలు తీశాడు. ఆ దారిలోనే డేవిడ్, గ్రెగరీ చుద్నోవ్‌స్కీ సోదరులు 1980ల చివర్లో ఇంకా వేగమైన సూత్రం కట్టారు:

పై = 426880 × √10005 ÷ మొత్తం

ఈ మొత్తంలో క = 0, 1, 2, … కు ఒక్కో పదం:
(6క)! × (13591409 + 545140134 × క) ÷ ((3క)! × (క!)³ × (−640320)^(3క))

క = 0 ఒక్కటే తీసుకున్నా 426880 × √10005 ÷ 13591409 = 3.141592653589734… వస్తుంది, 13 స్థానాలు సరైనవి. వెయ్యి స్థానాలకు 71 పదాలు, 10 లక్షల స్థానాలకు సుమారు 70,500 పదాలు.

ప్రతి మెట్టులో సరైన అంకెలు రెట్టింపయ్యే గాస్–లెజాండ్ర పద్ధతి కూడా ఉంది. వినడానికి అదే గొప్పగా ఉంటుంది, 25 మెట్లలో 4.5 కోట్ల అంకెలు ఇస్తుంది. కానీ ప్రతి మెట్టూ పూర్తి నిడివితో వర్గమూలం అడుగుతుంది, మెమరీ అంతటా తిరుగుతుంది. ఆచరణలో చుద్నోవ్‌స్కీయే గెలుస్తుంది.

బైనరీ స్ప్లిటింగ్ అంటే?

పదాలను ఒక్కొక్కటిగా పొడవాటి దశాంశాలుగా మార్చి కూడకుండా, భిన్నాలుగానే ఉంచి చెట్టులా కలుపుకుంటూ రావడం. ఆయిలర్ సంఖ్యతో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. పదాల వరుసను మధ్యకు విరగ్గొట్టండి. ఎడమ సగం విలువ ల₁/హ₁, కుడి సగం విలువ ల₂/హ₂ అనుకుంటే:

లవం = ల₁ × హ₂ + ల₂
హారం = హ₁ × హ₂

ఒక్కటే పదం మిగిలినప్పుడు (1/న అనుకోండి) లవం 1, హారం న. చివరికి ఒక్క పెద్ద భాగహారం. చెట్టు అడుగున అన్నీ బుల్లి సంఖ్యలు, పైకి వచ్చేకొద్దీ సమాన నిడివి గల పెద్ద సంఖ్యల గుణకారాలు. ఫోరియర్ రూపాంతరంతో చేసే వేగమైన గుణకారానికి సరిగ్గా అలాంటి పనే కావాలి. చుద్నోవ్‌స్కీకి లవం, హారంతో పాటు మూడో సంఖ్య కూడా మోయాలి, తేడా అంతే.

చాలామంది తడబడేది హద్దుల దగ్గర: ఎడమ సగంలో మధ్య పదం చేరిందా, కుడి సగంలోనా? రెండింటిలోనూ చేరితే జవాబు మొదటి స్థానాల్లోనే తప్పుతుంది, వెంటనే దొరికిపోతుంది. చివర ఒక్క పదం జారిపోతేనే ప్రమాదం. చివరి 14 అంకెలు మాత్రమే చెడి, మిగతాదంతా నిక్షేపంలా కనిపిస్తుంది.

పైథాన్ 4300 అంకెల దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. లెక్క తప్పా?

లెక్క పూర్తయింది, ముద్రించడం దగ్గర ఆగింది. 3.11 నుంచి (కొన్ని పాత వెర్షన్ల భద్రతా అప్‌డేట్లలో కూడా) పూర్ణాంకాన్ని దశాంశ అక్షరాలుగా మార్చడానికి 4300 అంకెల హద్దు పెట్టారు. సిస్ మాడ్యూల్‌లోని సెట్-ఇంట్-మ్యాక్స్-స్ట్రింగ్-డిజిట్స్ అనే ఫంక్షన్‌కు 0 ఇస్తే హద్దు పోతుంది. పేరులో మాటల మధ్య అండర్‌స్కోర్లు ఉంటాయి, "స్ట్రింగ్" బదులు మూడక్షరాల పొట్టి రూపం ఉంటుంది.

ఇంకో ఇబ్బంది వేగం. మామూలు గుణకారంలో అంకెలు రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. పైథాన్ పూర్ణాంకాలు వాడే కరత్సూబా పద్ధతిలో మూడు రెట్లు. ఫోరియర్ పద్ధతిలో రెండింతల కన్నా కొంచెం ఎక్కువ. లక్ష స్థానాలు దాటాలనుకుంటే జీఎంపీ లైబ్రరీని పైథాన్‌కు అందించే జీఎంపీవై2 పెట్టుకోండి, ప్రోగ్రామ్‌లో పెద్దగా మార్చాల్సింది ఉండదు. 3.12కు ముందు వెర్షన్లలో దశాంశంలోకి మార్చే పని కూడా నిడివి వర్గం చొప్పున పెరిగేది. పై లెక్క కన్నా ముద్రించడానికే ఎక్కువసేపు పట్టేది ఇందుకే.

మెమరీ, డిస్క్ ఎంత కావాలి?

ఒక దశాంశ అంకెకు 3.32 బిట్లు. 10 లక్షల అంకెలు బైనరీలో సుమారు 415 కేబీ, టెక్స్ట్ ఫైల్‌గా 1 ఎంబీ. 100 కోట్ల అంకెలు టెక్స్ట్‌గా 1 జీబీ. అయితే లెక్క నడిచేటప్పుడు దానికి ఎన్నో రెట్లు కావాలి. అలెగ్జాండర్ యీ రాసిన వై-క్రంచర్ 100 కోట్ల పై అంకెలకు దాదాపు 5 జీబీ ర్యామ్ అడుగుతుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ మూసేస్తే నడుస్తుంది.

ర్యామ్ చాలకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ స్వాప్ (ర్యామ్ నిండినప్పుడు డిస్క్‌ను వాడుకునే ఏర్పాటు) మీద ఆధారపడొద్దు. ఫోరియర్ రూపాంతరం డేటాలో దూరదూరపు చోట్లకు గెంతుతుంది, స్వాప్‌లో పడితే గంటలో అయ్యేది వారమైనా తెమలదు. డిస్క్‌ను ర్యామ్‌లా వాడటానికి వై-క్రంచర్‌లోనే ప్రత్యేక పద్ధతి ఉంది, అదే వాడండి. రికార్డు లెక్కల్లో ప్రాసెసర్ కన్నా డిస్క్ వేగమే అడ్డుపడుతుంది.

ఫోన్‌లో చేయొచ్చా?

టెర్మినల్ యాప్‌లో పైథాన్ ఉంటే 10 లక్షల దాకా చేయొచ్చు. తర్వాత వేడెక్కి వేగం తగ్గిపోతుంది.

వచ్చిన అంకెలు సరైనవే అని ఎలా నమ్మేది?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. విలియమ్ షాంక్స్ 1873 నాటికి చేత్తో 707 స్థానాలు లెక్కించాడు. 528వ స్థానంలో పొరపాటు జరిగింది, అక్కడి నుంచి అంతా తప్పే. డెబ్భై ఏళ్లు ఎవరూ కనిపెట్టలేదు. 1937లో పారిస్‌లోని ఆవిష్కరణల మ్యూజియం గోడకు ఆ 707 అంకెలే ఎక్కాయి. 1940ల్లో ఫెర్గూసన్ డెస్క్ క్యాలిక్యులేటర్‌తో ఆర్క్‌ట్యాన్(1/4), (1/20), (1/1985) ఉన్న వేరే సూత్రం వాడితే బయటపడింది. గోడ మీది అంకెలను 1949లో దిద్దారు.

అదే సూత్రాన్ని, అదే ప్రోగ్రామ్‌ను రెండోసారి నడపడం తనిఖీ కాదు, ప్రోగ్రామ్‌లో బగ్ ఉంటే రెండుసార్లూ అదే తప్పు వస్తుంది. చేయాల్సినవి:

చిన్న లెక్కలకు వేరే సూత్రం. చుద్నోవ్‌స్కీతో తీస్తే మాచిన్‌తో పోల్చండి. 10 లక్షల స్థానాలకు చివరి పది అంకెలు 5779458151 వచ్చాయో లేదో చూడండి.

పెద్ద లెక్కలకు బీబీపీ సూత్రం. 1995లో సైమన్ ప్లూఫ్ కనుగొని, డేవిడ్ బెయిలీ, పీటర్ బోర్‌వీన్‌లతో కలిసి ప్రచురించిన ఈ సూత్రం ముందున్నవేవీ లెక్కించకుండా నేరుగా ఫలానా స్థానంలోని పదహారు ఆధారపు అంకెను ఇస్తుంది:

పై = 1/16^క × (4/(8క+1) − 2/(8క+4) − 1/(8క+5) − 1/(8క+6)) పదాల మొత్తం, క = 0 నుంచి

రికార్డు లెక్కలు ముందు పదహారు ఆధారంలో ముగుస్తాయి, చివరి కొన్ని అంకెలను దీనితో సరిచూస్తారు. చివరివి కుదిరితే మొదటివీ సరైనవే అని ఎలా అంటారని అడుగుతుంటారు. చివర చేసే భాగహారం, వర్గమూలం వల్లే ఆ నమ్మకం. లోపల ఎక్కడ ఒక్క బిట్ చెడినా దాని ప్రభావం చివరి అంకెల దాకా పాకుతుంది, అవి యాదృచ్ఛికంగా కుదరడం అసాధ్యమంత అరుదు.

కానీ పదహారు ఆధారం నుంచి పది ఆధారానికి మార్చేటప్పుడు చెడితే? దాన్ని బీబీపీ పట్టుకోలేదు. అక్కడ పనికొచ్చేది తొమ్మిదుల తనిఖీ లాంటిదే: అంకెల మొత్తాన్ని 9కి కుదించి గుణకారం సరిచూసుకునే పాత పద్ధతి ఉంది కదా, 9 బదులు 2⁶¹ − 1 అనే ప్రధాన సంఖ్యతో అదే పని. మార్చకముందు, మార్చాక శేషం ఒకటే ఉండాలి. ప్రతి పెద్ద గుణకారం తర్వాత కూడా ఈ తనిఖీ పెట్టుకోవచ్చు. ఖర్చు స్వల్పం, దొంగ జవాబు దాటిపోయే అవకాశం సుమారు 2⁶¹లో ఒక వంతు.

అయితే బీబీపీతోనే కోటి స్థానంలో దశాంశ అంకె తీయొచ్చుగా?

తీయలేం. అది రెండు, పదహారు ఆధారాలకే. పదహారు ఆధారంలో ఒక అంకె తెలిసినంత మాత్రాన దశాంశ అంకె తెలియదు.

నా ఫైల్ 763వ స్థానం దగ్గర 5000 చూపిస్తోంది, వేరేచోట 4999 ఉంది!

762 నుంచి 767వ స్థానం దాకా వరసగా ఆరు తొమ్మిదులు ఉన్నాయి: …134999999837… మీ ప్రోగ్రామ్ కత్తిరించకుండా సవరించి ముద్రిస్తే 762–766 మధ్య ఎక్కడ ఆపినా …135000 అవుతుంది. రెండూ తమ తమ లెక్కన సరే. పోల్చేటప్పుడు ఎప్పుడూ కత్తిరించిన రూపమే వాడండి.

రోజుల తరబడి నడిచే లెక్కల్లో ఏం చెడుతుంది?

మొదటిది ర్యామ్. ఓవర్‌క్లాక్ చేసిన యంత్రం ఆటలకు బాగానే ఆడుతుంది, ఇక్కడ మాత్రం శేషం తనిఖీలో పట్టుబడుతుంది. ఎర్రర్ రాగానే ప్రోగ్రామ్‌ను తిట్టకుండా ముందు వేగం మామూలుకు దించి మళ్లీ నడపండి. రెండోది వేడి: ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే గాలి అందక వేగం తగ్గుతుంది. మూడోది కరెంటు. యూపీఎస్ ఉన్నా, మధ్యమధ్యలో స్థితిని డిస్క్‌లో భద్రపరిచే చెక్‌పాయింట్ ఆన్‌లో ఉందో లేదో మొదలుపెట్టేముందే చూసుకోండి. నాలుగోది డిస్క్. 2011లో షిగేరు కోండో, అలెగ్జాండర్ యీ 10 లక్షల కోట్ల అంకెల లెక్కకు 371 రోజులు పట్టింది, దారిలో హార్డ్ డిస్క్‌లు పదేపదే పాడవడం అందుకు ఒక కారణం. ఎస్‌ఎస్‌డీ అయితే పాడవదనుకోకండి, దానికి రాతల పరిమితి ఉంటుంది, ఇలాంటి లెక్క దాన్ని ఆబగా తింటుంది.

ఈమధ్య రికార్డులు ఎక్కడిదాకా వచ్చాయి?

2019లో ఎమ్మా హరుకా ఇవావో 31.4 లక్షల కోట్లు, 2022లో ఆవిడే 100 లక్షల కోట్లు (158 రోజులు). 2024లో 202 లక్షల కోట్లు, 2025లో 300 లక్షల కోట్లు. ఇవన్నీ వై-క్రంచర్‌తోనే, చుద్నోవ్‌స్కీ సూత్రంతోనే. సూత్రం మారలేదు, మారింది డిస్క్‌లు.

మిగతా స్థిరాంకాల సంగతి?

స్వర్ణ నిష్పత్తి (1 + √5)/2. ఒక వర్గమూలం, పని అయిపోయింది. 2 సహజ సంవర్గమానం (0.693147…) మాచిన్ తరహాలోనే వస్తుంది:

18 × ఆర్క్‌ట్యాన్‌హెచ్(1/26) − 2 × ఆర్క్‌ట్యాన్‌హెచ్(1/4801) + 8 × ఆర్క్‌ట్యాన్‌హెచ్(1/8749)

ఆర్క్‌ట్యాన్ ప్రోగ్రామ్‌లో మైనస్ గుర్తులన్నీ ప్లస్ చేస్తే ఆర్క్‌ట్యాన్‌హెచ్ సిద్ధం. ఎపెరీ స్థిరాంకానికి (1.2020569…) మంచి వేగమైన శ్రేణులున్నాయి. గామాకు (0.5772156…) మాత్రం అలాంటి శ్రేణి దొరకలేదు. 1980లో బ్రెంట్, మెక్‌మిలన్ ఇచ్చిన పద్ధతే ఇప్పటికీ గతి, అది పై కన్నా ఎన్నో రెట్లు నెమ్మది. అది కరణీయ సంఖ్యో కాదో కూడా ఇంకా తేలలేదు.

రెండు ఫైళ్లు పోలిస్తే మొదటి అంకె నుంచే తేడా వస్తోంది. ఏం చేయాలి?

ఒకదాంట్లో "3." ఉండి ఇంకోదాంట్లో లేకపోతే అంతా రెండు అక్షరాలు జరుగుతుంది. కొన్ని ఫైళ్లలో పదేసి అంకెలకు ఖాళీ, యాభైకో లైన్ మార్పు ఉంటాయి. విండోస్‌లో తయారైన ఫైల్‌లో లైన్ చివర రెండు అక్షరాలు, లినక్స్‌లో ఒకటే. ముందు రెండింటిలోనూ అంకెలు తప్ప మిగతావన్నీ తీసేసి, మొదటి 3ను కూడా తీసేసి, అప్పుడు పోల్చండి.

అప్పటికీ తేడా వస్తే, మొదటి తేడా ఎన్నో స్థానంలో ఉందో చూడండి. చివరి పది స్థానాల్లో అయితే అదనపు అంకెలు చాలలేదు. చివరి 14–15 అయితే ఒక పదం తక్కువైంది. మొదట్లోనే అయితే సూత్రం టైప్ చేయడంలో తప్పు, 545140134ను ఇంకోసారి చూసుకోండి. మధ్యలో ఎక్కడో మొదలై చివరిదాకా తప్పు ఉండి, మళ్లీ నడిపితే ఆ చోటు మారుతుంటే, ర్యామ్ కర్రను విప్పి మార్చే సమయం వచ్చింది.